విలాయత్ అలీ దర్వాజలు

విలాయత్ అలీ పోయిన తర్వాత ఆయన చేసిన స్పీకర్లు ఎవరింటికి పోవాలన్నది మేం ముగ్గురం కూర్చుని తేల్చేశాం. ఆయన భార్య సుఘ్రాను మాత్రం ఎవరం ఒక్క మాట అడగలేదు. అత్త సొమ్ము అల్లుడు దానం చేసినట్టు అంటారు చూడండి, అచ్చం అదే. పైగా గొప్ప పని చేస్తున్నామన్న పొగరు కూడా ఉండింది మాకు.

ఆ ముగ్గురం ఎవరమో చెప్పాలి. నేను వీరేందర్‌ను. శంషాబాద్ బస్టాండుకు దగ్గర్లో ఇనుప సామాను, ప్లైవుడ్ అమ్మే దుకాణం నాది. జగన్ హిమాయత్ సాగర్ దిక్కు విల్లాలు కట్టి అమ్ముతాడు, మాలో చిన్నవాడు. లక్ష్మణ్ గారు కాకినాడ మనిషి, కాలేజీలో ఫిజిక్స్ చెప్పి రిటైరై బుద్వేల్‌లో స్థిరపడ్డారు. ముగ్గురి కులం వేరు, సంపాదన వేరు, రోగం మాత్రం ఒక్కటే. పాట వినడం. అందరూ వింటారు కదా అనకండి. పాడే మనిషి చరణానికి ముందు ఊపిరి తీసుకున్నది వినపడిందా లేదా, తబలా ఆమెకు ఎడమ పక్కనుందా కాస్త వెనక్కుందా అని మాటా మాటా పెరిగి, మళ్లీ ఆదివారం దాకా పలకరించుకోకపోవడం, అదీ మా వినడం. ఈ రోగానికి మాకు దొరికిన హకీము విలాయత్ అలీ.

ఆయన మొదటిసారి నా దుకాణానికి వచ్చిన రోజు బాగా గుర్తు. ఆ రోజు ఆయన్ని దాదాపు వెళ్లగొట్టాను. చిల్లుల రేకు కావాలన్నాడు, కూలర్లకు వాడతారే, అది. చూపించాను. ఒక్కో రేకునూ గోటితో మీటి, చెవి దగ్గర పెట్టుకుని, పెదవి విరిచి పక్కన పెడుతున్నాడు. దుకాణం నిండా గిరాకీ. నాకసలే ఓపిక తక్కువ.

"ఏందన్నా, రేకు కొంటున్నవా, కర్బూజ కొంటున్నవా?" అన్నాను.

ఆయన నవ్వాడు. "మోగని రేకు గావాలె అన్నా. పాట మోగాలె గని రేకు మోగితే ఎట్ల?"

రేకుకూ పాటకూ ఏం సంబంధమన్నాను. ఆదివారం ఇంటికి రా, చూపిస్తానన్నాడు. అలా వెళ్లినవాణ్ణి, ఆయన పోయేదాకా ఏ ఆదివారమూ ఇంట్లో లేను.

విలాయత్ అలీ పుట్టిందీ పెరిగిందీ శంషాబాద్‌లోనే. వయసులో ఉండగా దోస్తులతో కలిసి పెళ్లిళ్లకు మైక్‌సెట్ కట్టేవాడు. తర్వాత కాటేదాన్‌లో ప్లాస్టిక్ కవర్లు చేసే ఫ్యాక్టరీలో కుదిరాడు. అక్కడ ఉల్లిపొర కన్నా పలుచటి పొర ఒకటి తయారయ్యేది. దాన్ని వెలుతురుకు పట్టుకుని, ఊదితే ఎలా వణుకుతుందో చూస్తూ కూర్చునేవాడట. అక్కడే పురుగు కుట్టింది. స్పీకరంటే మనకు తెలిసింది ఒక డబ్బా, అందులో గుండ్రటి అట్ట. ఈయన డబ్బా వద్దన్నాడు, అట్టా వద్దన్నాడు. తలుపంత చెక్క చట్రం చేసి, రెండు చిల్లుల రేకుల నడుమ ఆ పొరను బిగించి, కరెంటు పెట్టి పాడించాడు. ఇలాంటి ప్యానెల్ స్పీకర్లు ఇతర దేశాల్లో అంతకు ముందే ఉన్నాయని తర్వాత లక్ష్మణ్ గారు చెప్పారు. కాని మా దిక్కు సొంత తెలివితో చేసి నిలబెట్టిన మొదటి మనిషి మాకు తెలిసినంతలో ఈయనే. ఊరంతా ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి. గల్లీలోవాళ్లు వాటిని స్పీకర్లని ఎన్నడూ అనలేదు, "విలాయత్ భాయ్ దర్వాజలు" అనేవాళ్లు.

పొర బిగించడంలోనే ఉంది అసలు పనితనం. చట్రం చుట్టూ సైకిల్ ట్యూబు పరిచి, పొర అంచులు దానికి అంటించి గాలి కొట్టేవాడు. ట్యూబు ఉబ్బినకొద్దీ పొర నాలుగు దిక్కులా ఒకే తీరుగా సాగేది. తర్వాత డప్పును మంటకు కాపినట్టు దానికి వేడిగాలి పట్టించేవాడు. మొదట చేసిన పొరను పిల్లి గోకి చింపేసిందట. పిల్లిని ఒక్క మాట అనకుండా మళ్లీ మొదటి నుంచి చేశాడు. నేనైతే పిల్లినీ ప్యానెల్‌నూ కలిపి వీధిలోకి విసిరేసేవాణ్ణి. వానాకాలం గాలిలో తడి ఎక్కువైతే అవి చిటపటమనేవి. "ఇయ్యాల దర్వాజలకు సర్ది అయింది" అని కప్పిపెట్టి, మాకు చాయ్ పోసి పంపేవాడు.

మొదటిసారి ఆ ఇంట్లో విన్నది ఎవరో ముసలావిడ పాడిన గజల్. స్పీకర్లలోంచి వస్తున్నట్టు లేదు. ఆమే ఆ చిన్న హాల్లోకి వచ్చి, మా ఎదురుగా నిలబడి, ఎవరితోనూ చెప్పుకోలేని సంగతి నాకు చెబుతున్నట్టుంది. నాకు ఉర్దూ అంతంతమాత్రం. అయినా ఏడ్చాను. ఇనుము అమ్ముకునేవాడికి ఇదేం ఖర్మ అనుకుంటూనే ఏడ్చాను. అంతలో నెత్తి మీద నుంచి విమానం వచ్చింది. ఆ ఇల్లు విమానాలు దిగే దారి కిందే ఉంది మరి. విలాయత్ అలీ నెమ్మదిగా రికార్డు మీది సూది ఎత్తి, విమానం పోయేదాకా పట్టుకుని నిలబడి, మళ్లీ పెట్టాడు.

ఆయన అడిగినవాళ్లకు కూడా కొన్ని జతలు చేసిచ్చాడు. ఒక జత లక్ష్మణ్ గారింట్లో ఉంది. కాని ఆయన ఇంట్లోని జత వేరు. అన్నిటికన్నా ముందు చేసిందీ, ఏళ్ల తరబడి దిద్దుకున్నదీ అదే. జగన్ దగ్గర విదేశాల నుంచి తెప్పించిన స్పీకర్లు ఉన్నా వీటిని ఎన్నోసార్లు అడిగాడు. "అవి ఇంట్లయి బేటా, ఇయ్య" అనేవాడు విలాయత్ అలీ.

ఇల్లు ఎలా ఉండేదో కాస్త చెప్పాలి. ముందు హాలు, వెనుక లోపలి గది, మధ్య గుమ్మానికి పర్దా. ఆ గుమ్మానికి అటొకటి ఇటొకటి, గోడకు బాగా ఎడంగా నిలబడి ఉండేవి ప్యానెళ్లు. మేం హాల్లో. సుఘ్రా పర్దా పాటించే మనిషి, మా ఎదుటికి వచ్చేది కాదు. లోపలి నుంచి గాజుల చప్పుడు, అల్లం దంచిన వాసన, మాకు తెలిసిన సుఘ్రా అంతే. రికార్డు మీద సూది పెట్టగానే విలాయత్ అలీ ఖాళీ గ్లాసులు పట్టుకుని లోపలికి పోయేవాడు, పాట అయ్యాక వచ్చేవాడు. తన పనిని ముగ్గురు కూర్చుని తూకం వేస్తుంటే ఎదురుగా ఉండలేడు, బిడియస్తుడు పాపం అనుకునేవాళ్లం.

ఒక్క విషయంలో మాత్రం ఆయనకూ మాకూ పడేది కాదు. ఈ ప్యానెల్‌కు డబ్బా లేదు కదా, ముందుకు ఎంత శబ్దం వస్తుందో వెనక్కీ అంతే పోతుంది. లక్ష్మణ్ గారికి అది పంటి కింద రాయి.

"వెనక్కి వెళ్లిన శబ్దం గోడకు తగిలి తిరిగొచ్చి ముందు శబ్దాన్ని పాడు చేస్తోందండీ. వెనకాల నాలుగు మందపాటి దుప్పట్లు వేలాడదీయండి, తేడా మీకే తెలుస్తుంది" అనేవారు.

"వద్దు సార్. అటు గూడ మనుషులున్నరు" అనేవాడు విలాయత్ అలీ.

పక్కింటివాళ్ల మీద జోకు అనుకుని నవ్వేవాళ్లం. మొండివాడు రాజుకన్నా బలవంతుడు, ఇక చెప్పి లాభం లేదని ఊరుకునేవాళ్లం.

పోయిన వానాకాలం మొదట్లో గుండె నొప్పి వచ్చి, దవాఖానకు చేరేలోపే పోయాడు. సుఘ్రా ఇద్దత్‌లో కూర్చుంది. భర్త పోయిన ఆడమనిషి నాలుగు నెలల పైచిలుకు గడప దాటకుండా ఉండే ఆచారం. ఇల్లు కిరాయిది. దాన్ని పడగొట్టి ఎయిర్‌పోర్టు ప్రయాణికులకు లాడ్జి కట్టాలని ఇంటాయన ఎప్పటి నుంచో చూస్తున్నాడు. అయినా మంచివాడే, ఇద్దత్ పూర్తయ్యేదాకా నోరు తెరవలేదు. అది కాగానే బడంగ్‌పేట్ నుంచి కూతురు కుబ్రా వచ్చి సామాను సర్దడం మొదలుపెట్టింది. మధ్యలో నా దుకాణానికి వచ్చింది.

"వీరేందర్ చాచా, అమ్మీని నా దగ్గరికి తోల్కపోతున్న. నాది చిన్న ఇల్లు. హాల్ల ఒక దిక్కు ఆమెకు మంచమేసి, ప్లైవుడ్ అడ్డం పెడ్దామనుకుంటున్న. కొలతలు తెచ్చిన, జర చూడు. గా దర్వాజలు మాత్రం నాతోని గాదు. పెట్టనీకి జాగనే లేదు. మీలనే ఎవరన్న తీస్కపోండ్రి."

మాకింకేం కావాలి? జగన్ తన విల్లాలో పాటలు వినడానికని ఒక గది కట్టించుకున్నాడు. గోడల నిండా మెత్తలు, తలుపు బ్యాంకు లాకరు తలుపంత మందం, బయట పిడుగు పడ్డా లోపల తెలియదు. ప్యానెళ్లు అక్కడైతే పదికాలాలు ఉంటాయని అనుకున్నాం. సుఘ్రా ఒక్కనాడూ హాల్లో కూర్చుని విన్న మనిషి కాదు, ఆమెకు వాటితో ఏం పని? ఇదీ మా లెక్క. కుబ్రా తల్లిని అడిగితే "మీ ఇష్టం" అందట. ఆ రెండు మాటలు చాలనుకున్నాం.

తీసుకుపోయే ముందు ఆ ఇంట్లో ఆఖరిసారి విందామని ఆదివారం పొద్దున చేరాం. కాసేపు ఆయన్ని తలుచుకున్నాం. లక్ష్మణ్ గారు తన ఇంటి ప్యానెళ్లు బిగించిన రోజు సంగతి చెప్పారు. సైకిల్ ట్యూబుకు గాలి కొట్టడానికి పంపు మరిచిపోయి వస్తే, వీధిలో పోతున్న పాలవాణ్ణి ఆపి అతని పంపు అడిగాడట విలాయత్ అలీ. జగన్ మాత్రం కారులోంచి మందపాటి స్పాంజి పలకలు దింపుతున్నాడు.

"అన్నా, నా రూంల ఎట్లుంటదో ఈడనే చూద్దాం. ఎనుక దిక్కు మూసేసి పెడ్దాం" అన్నాడు.

ఆ మనిషి ఉన్నన్నాళ్లూ ఒప్పుకోని పని. లేడు కదా అని చేశాం. ప్యానెళ్ల వెనుక, పైనుంచి కింది దాకా, గుమ్మం కూడా మూసుకుపోయేటట్టు స్పాంజి నిలబెట్టాం. ఆ ముసలావిడ గజలే పెట్టాం. ఒట్టేసి చెబుతున్నాను, అంత శుభ్రంగా ఎన్నడూ వినలేదు. ఒక్కో అక్షరం కడిగి ముత్యంలా పెట్టినట్టుంది. జగన్ తొడ చరిచాడు.

"గిది! గిది అసలు సౌండంటే!"

లక్ష్మణ్ గారు కళ్లు మూసుకుని తలాడిస్తున్నారు. అంతలో లోపలి నుంచి ఒక గొంతు వచ్చింది.

"భాయ్, పాట బందయ్యిందా?"

మేం ఒకరి మొహాలు ఒకరం చూసుకున్నాం. మా ఎదుట పాట నిండుగా సాగుతోంది.

"లేదు భాభీ, నడుస్తనే ఉంది" అని అరిచాను.

తర్వాత మెల్లగా, "ఇటు ఏం వస్తలేదు" అని వినపడింది.

ఇన్నేళ్లలో ఆమె మాతో నేరుగా అన్న మొదటి మాటలు అవి. వీధి వాకిట్లో మూటలు కడుతున్న కుబ్రా ఆ మాటలు విని హాల్లోకి వచ్చింది, స్పాంజి చూసింది.

"ఏం జేసిన్రు చాచా? అమ్మీ దిక్కు మూసేసిన్రు గదా! ఆ పర్దా ఎనుక తఖ్త్ బల్ల మీద కూసొని వింటది ఆమె. అబ్బా గూడ ఆడనే కూసుంటుండె. మీతోని ముందట కూసొని విన్నడా ఎన్నడన్న?"

వినలేదు. ఒక్కసారి కూడా వినలేదు. పాడేవాళ్లు ఎక్కడ ఊపిరి తీసుకున్నారో పట్టేవాళ్లమే గాని, పాట పెట్టిన మనిషి ఎక్కడికి పోతున్నాడో మాకు పట్టలేదు. జగన్ లేచి సూది ఎత్తాడు. అప్పుడు పర్దా వెనుక నుంచి సుఘ్రా చెప్పింది, ఎవరికో పాత ముచ్చట చెబుతున్నట్టు తాపీగా చెప్పింది.

"మా పెళ్లిల కవ్వాలీ పెట్టిన్రు భాయ్. మైక్‌సెట్టు ఈయన దోస్తులదే. భోంపులన్ని మొగోళ్ల దిక్కు తిప్పిన్రు. నడుమ కనాత్ గుడ్డ కట్టి ఉండె, దాని ఎనుక మేము ఆడోళ్లం. ఢంఢం తప్ప ఒక్క మాట సమజ్ గాలే. పెళ్లయినంక ఈయన అడిగిండు, కవ్వాలీ ఎట్లుండె అని. నేను విన్ననా ఏంది అన్న. మస్తు పరేషాన్ అయిండు. నా పెళ్లిల పాట నా పెండ్లామే విన్లేదా అని. అప్పటిసంది గిదే పిచ్చి. ముందట ఎంతొస్తదో ఎనుక గూడ అంతే రావాలె అంటుండె."

జగన్ స్పాంజి పలకలు ఒక్కొక్కటే తీసి, తనే మోసుకుపోయి బయట పడేశాడు. అంత ఖరీదైనవి ఎండలో పడేయడం నేను మొదటిసారి చూశాను. వచ్చి పాటను మళ్లీ మొదటి నుంచి పెట్టాడు. ఈసారి నాకు తబలా ఏ పక్కనుందో పట్టలేదు. ఆ ప్యానెల్‌కు ముందూ వెనుకా అంటూ ఏమీ లేదు, మేం కూర్చున్న వైపుకు ముందు అని మేమే పేరు పెట్టుకున్నాం. సిగ్గనిపించింది. పాట అయ్యేదాకా తల ఎత్తలేదు.

"అమ్మా, ఇవి నాకొద్దు. నీ దగ్గర్నే ఉండాలె" అన్నాడు జగన్.

"నాకెందుకు బేటా? ఒక్కదాన్నే విని ఏం జేస్త?" అంది సుఘ్రా. "పాటల ఒక మాట మంచిగొస్తే ఆయన నా దిక్కు చూస్తుండె, నేను ఆయన దిక్కు చూస్తుంటి. ఇగ ఎవరి దిక్కు చూడాలె? నువ్వే తీస్కపో."

నాకు ఎక్కడ లేని కోపం వచ్చింది. చనిపోయినవాడి మీదా, మా మీదా, ఇల్లు పడగొట్టేవాడి మీదా, అందరి మీదా. ఆ కోపంలోనే కుబ్రా వైపు తిరిగాను.

"నీకు ప్లైవుడ్ అమ్మేది లేదు, పో!" అన్నాను.

ఆమె బిత్తరపోయింది. "ఏమైంది చాచా?"

"మీ అమ్మీ మంచానికి అడ్డం గావాలె అంటివి గదా. తలుపంత అడ్డాలు రెండు ఈడ నిలవడ్డయి, కండ్లు కనవడతలెవ్వా? గివే పెట్టు. జాగ గూడ తినయి."

కుబ్రా ఒకసారి ప్యానెళ్లను, ఒకసారి తన కొలతల కాగితాన్ని చూసుకుంది. లక్ష్మణ్ గారు అప్పటికే జేబులోంచి టేపు తీశారు. "సరిపోతాయండీ, భేషుగ్గా సరిపోతాయి. పిల్లల చేతులు కరెంటుకు తగలకుండా రెండు వైపులా చెక్క జాలీ నేను చేయిస్తాను" అన్నారు. లోపలి నుంచి అవుననీ రాలేదు, కాదనీ రాలేదు.

ఇంటికి వచ్చి జరిగిందంతా మా ఆవిడ అనంతమ్మకు చెప్పాను. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని విన్నది. అంతా విని నన్ను తగులుకుంది.

"దీపం కిందనే చీకటి అని ఊకెనే అన్లే. ఆమె సంగతి సరే, గిన్నేండ్లు ఆదివారం ఆదివారం పోతివి గదా, నన్నెన్నడన్న రమ్మన్నవా?"

"నీకు గవి నచ్చవనుకున్న."

"అడిగినవా?"

అందుకే ప్యానెళ్లు బడంగ్‌పేట్‌లో బిగించిన తర్వాతి ఆదివారం ఆమెను కూడా తీసుకుపోయాను. కుబ్రా ఇల్లు నిజంగానే చిన్నది. హాల్లో ఒక మూలకు రెండు ప్యానెళ్లు ఎడంగా నిలబడి ఉన్నాయి. నడుమ సందుకు పర్దా, వాటి వెనుక సుఘ్రా మంచం. మేం ముగ్గురం ఇవతల చాప మీద సర్దుకున్నాం. అనంతమ్మ మా వైపు చూడను కూడా చూడకుండా, "అక్కా, నేను వీరేందర్ భార్యను" అంటూ సందులోంచి అవతలికి పోయింది.

"అమ్మీ ఈడికి వచ్చినప్పటిసంది పాట పెట్టనిస్తలే చాచా" అని కుబ్రా నా చెవిలో చెప్పింది. "పెడ్దామంటే మొకం గోడకు తిప్పుకుంటది."

నేను రికార్డు పెట్టాను. భయమేసింది. ఇప్పుడు ఆమె వద్దంటే ఆ దర్వాజలు నిజంగానే ప్లైవుడ్ చెక్కలవుతాయి, విలాయత్ అలీ చేసినదంతా ఒక మంచానికి అడ్డమై మిగిలిపోతుంది. సూది దించాను. ముసలావిడ పాడడం మొదలుపెట్టింది. అటువైపు నుంచి వద్దన్న మాట రాలేదు, కాని ఉలుకూ పలుకూ కూడా లేదు. మొదటి పాదం అయిపోయింది. రెండోదాని మధ్యలో, పాటకు అడ్డంగా, ఆ పలుచటి పొర గుండా అనంతమ్మ గొంతు స్పష్టంగా వచ్చింది.

"ఏమంటుంది అక్కా? నాకు తుర్కం రాదు. ఎందుకట్ల గుంజి గుంజి పాడుతుంది?"

పాట మధ్యలో ఎవరో దగ్గారని ఒకసారి లేచి వెళ్లిపోయిన మనిషి లక్ష్మణ్ గారు. ఇప్పుడు ఆయన చేయి కూడా కదల్చలేదు. పాట సాగిపోతూనే ఉంది.

చాలాసేపటికి సుఘ్రా గొంతు వినపడింది. "రాడని ఎర్కే, అయినా రెండో పియాలా గూడ కడిగి పెట్టిన అంటుంది."

"అయ్యో, పిచ్చి పిల్ల" అంది అనంతమ్మ.

తర్వాత వాళ్లిద్దరిలో ఒకరు ముక్కు చీదిన చప్పుడైంది, ఎవరో తెలియలేదు. పాట ఇంకో పాదానికి వచ్చింది. ఈసారి అనంతమ్మ అడగలేదు. సుఘ్రానే చెప్పింది.